పాత రికార్డులు కొనేటప్పుడు ఏం చూడాలి, ఇంట్లో ఎలా దాచాలి?

మీ ప్రశ్న ఇది: తెనాలిలో తాతగారింట్లో ఇనప పెట్టె నిండా పాత గ్రామఫోన్ రికార్డులు దొరికాయి, వాటితో మొదలుపెట్టి ఇంకొన్ని సేకరించాలని ఉంది, ‘ఎక్సలెంట్’ స్థితిలో ఉన్నవాటిని ఎలా గుర్తుపట్టాలి, ఉన్నవి పాడవకుండా ఎలా కాపాడుకోవాలి అని. తెలుగు సినిమా పాటలు, నాటక పద్యాల రికార్డులు చాలా ఏళ్లుగా సేకరిస్తున్నాను కాబట్టి నా అనుభవంలోంచి చెప్తాను.

రికార్డు ఎంత బాగుంటుందన్నది కొన్న రోజునే తేలిపోతుంది. మురికి కడిగితే పోతుంది, బూజు తుడిస్తే పోతుంది, ముల్లు నడిచే సన్నటి గాడిలో అరుగుదల మాత్రం ఏం చేసినా పోదు. అందుకే శుభ్రం చేసే మందుల గురించి, మిషన్ల గురించి చదివే ముందు రికార్డు చూడటం నేర్చుకోండి. ఆ తర్వాత మన పనల్లా దాన్ని ఇంకొంచెం పాడు చెయ్యకుండా ఉండటమే.

ముందు పెట్టెలోవి వేరుచెయ్యండి, ఎందుకంటే అవన్నీ ఒకే జాతివి కావు. పదంగుళాలుండి, చేతికి బరువుగా తగిలి, లేబులు మీద 78 (అంటే నిమిషానికి 78 చుట్లు) అని ఉన్నవి లక్కతో చేసినవి. చెట్ల మీద లక్కపురుగు పెట్టే జిగురే వాటికి ఆధారం. దానికి రాతిపొడి, మసి కలిపి వేడి మీద నొక్కి తయారుచేసేవారు. మన దేశంలో ఈ పని 1908లో కలకత్తా సియాల్దాలో మొదలై, తర్వాత డమ్‌డమ్ ఫ్యాక్టరీకి మారింది. వేరే దేశాల్లో 78లు ఆగిపోయిన తర్వాత కూడా ఇక్కడ 1960ల చివరిదాకా వచ్చాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78ల మీద అచ్చయ్యాయి, వాటికోసం ఇవాళ విదేశీ సేకర్తలు ఎగబడతారు. ఇక ఏడంగుళాల ఇ.పి.లు (ఎక్స్‌టెండెడ్ ప్లే), పన్నెండంగుళాల ఎల్.పి.లు (లాంగ్ ప్లే) వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. కొంచెం వంగుతాయి, తేలిగ్గా ఉంటాయి. లక్క రికార్డు చెయ్యి జారితే పెంకుల్లా పగిలిపోతుంది. వినైల్ పగలదు గానీ గీతలు పడుతుంది, వేడికి వంకరపోతుంది. ఒకదానికి మంచిది రెండోదానికి విషం కావచ్చు. అదెలాగో కింద వస్తుంది.

ఇప్పుడు చూడటం సంగతి. ట్యూబ్‌లైటు కింద ప్రతి రికార్డూ బాగానే కనిపిస్తుంది. ఒకే ఒక్క బల్బు కింద గానీ, ఫోను టార్చి ఏటవాలుగా పట్టుకుని గానీ చూడాలి. అంచుని, లేబుల్ని మాత్రమే పట్టుకుని రికార్డుని మెల్లగా తిప్పండి. గాడులు అరగని రికార్డు నల్లగా, లోతుగా మెరుస్తుంది. బాగా వాడినదైతే బూడిద రంగు తిరుగుతుంది, ముఖ్యంగా గొంతు పైస్థాయికి వెళ్ళిన చోట్లా, లేబులు దగ్గర పడే చివరి గాడుల్లోనూ. ఆ బూడిద రంగు దుమ్మేమో అనుకుని కొంటే ఇంటికెళ్ళి కడిగాక కూడా అలాగే ఉంటుంది. గీతలైతే గోటితో ఆనించి చూడండి. కంటికి కనబడి గోటికి తగలనివి చాలావరకు వినబడవు. గోటికి తగిలితే తప్పకుండా వినబడతాయి. గాడికి అడ్డంగా పడిన గీత ఎల్.పి. మీద 1.8 సెకన్లకొకసారి టక్కుమంటుంది. అది భరించవచ్చు. గాడి వెంట పడిన గీత ముల్లుని పక్కదారి పట్టిస్తుంది, ఆ రికార్డు ఎంత చవకైనా వద్దు.

చాలామంది చూడనిది లేబులు మధ్యలో ఉన్న రంధ్రం. రికార్డు పెట్టే ప్రతిసారీ ఇరుసు మొన కోసం వెతుక్కుంటూ లేబులు మీద సన్నటి మెరుపు గీతలు పడతాయి. వాటిని స్పిండిల్ మార్కులంటారు. అవి ఎంత దట్టంగా ఉంటే ఆ రికార్డు అంతగా తిరిగినట్టు. ఒకసారి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక ఇ.పి. దొరికింది. అట్ట సగం చిరిగి, మట్టి పట్టి, పక్కన ఉన్నాయన ముట్టుకోవడానికి కూడా ఇష్టపడలేదు. లేబులు తుడిచి చూస్తే రంధ్రం చుట్టూ కాగితం కొత్తదానిలా ఉంది, ఒక్క మెరుపు గీత లేదు. ఆ ఇంట్లో ఎవరో కొని, రెండు మూడుసార్లు విని, పక్కన పెట్టేశారన్నమాట. కడిగాక ఆ నాలుగు పాటలూ ఎంత నిశ్శబ్దంగా మొదలయ్యాయంటే, ముల్లు దిగిందో లేదో అని వంగి చూశాను. అట్ట చూసి రికార్డుని తీసెయ్యకండి, అట్ట బాగుందని రికార్డుని నమ్మకండి.

దీనికి సరిగ్గా వ్యతిరేకం మైకు సెట్టు రికార్డులు. మన ఊళ్ళల్లో పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ, టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలయ్యే ముందూ వేసినవి ఇవే. లేబులు మీద ఫలానా సౌండ్ సర్వీస్ అని రబ్బరు స్టాంపు గానీ, పెయింటుతో నంబరు గానీ ఉంటుంది. ముల్లుని మోసే బరువైన పికప్పు కింద, ఆరుబయట దుమ్ములో, రోజంతా తిరిగిన రికార్డులవి. సినిమా పాటల ఇ.పి.లు ఎక్కువగా ఈ దారిలోనే సంతకొస్తాయి. ఘంటసాల భగవద్గీత ఎల్.పి. కూడా అంతే. గుళ్ళల్లోనూ, చావు జరిగిన ఇళ్ళ దగ్గరా మైకులో వేసి వేసి అరగదీసినవి చాలా తిరుగుతుంటాయి. అది అరుదైన రికార్డేమీ కాదు, కాబట్టి మొదట దొరికినదానికే తొందరపడొద్దు, ఒక ఇంటి పూజగదిలో పదిలంగా ఉన్న కాపీ దొరికేదాకా ఆగండి. సినిమా మాటల ఎల్.పి. సెట్లు, నాటకాల సెట్లు కొంటున్నప్పుడు ప్రతి రికార్డునీ తీసి చూడాలి. సెట్టులో ఒకటి వేరే ఇంటినుంచి వచ్చి చేరడం మామూలే.

పాత నాటక పద్యాల 78ల విషయంలో మాత్రం పట్టు సడలించుకోండి. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాల్లాంటివి తాళం తిప్పే గ్రామఫోన్ల మీద ఉక్కు ముల్లుతో, ముల్లు బిగించే సౌండ్ బాక్సు వంద గ్రాములకు పైబడిన బరువు కింద వినబడ్డాయి. ప్రతి పక్కకీ కొత్త ముల్లు మార్చాలి, డబ్బులు ఆదా అని మార్చని ఇళ్ళే ఎక్కువ. అలాంటి ప్లేటు ఎక్సలెంట్‌గా దొరకాలంటే అదృష్టం ఉండాలి. గరగర ఉన్నా, పగులు లేకుండా గొంతు తేటగా వినిపిస్తే తీసేసుకోండి. మళ్ళీ దొరక్కపోవచ్చు. పగులు పట్టుకోవడానికి మధ్య రంధ్రంలో వేలు దూర్చి ప్లేటుని వేలాడదీసి అంచు మీద మెల్లగా తట్టండి. బాగున్నది ఖంగున మోగుతుంది, కంటికి కనబడని చీలిక ఉంటే బొంగురుగా పలుకుతుంది.

ఎక్సలెంట్ అన్న మాట బ్రిటిష్ సేకర్తల కొలతలో మింట్ (కొత్తదానిలా మచ్చలేనిది) తర్వాతి మెట్టు. అమెరికా వాళ్ళ గోల్డ్‌మైన్ పత్రిక కొలతలో దానికి దగ్గరగా ఉండేది వెరీ గుడ్ ప్లస్. మన దగ్గర అమ్మేవాళ్ళకి అలాంటి కొలత ఏదీ లేదు. ఆన్‌లైన్లో కొనేటట్టయితే టార్చి వెలుతురులో తీసిన రెండు పక్కల ఫొటోలూ, రంధ్రం దగ్గరి ఫొటో అడగండి. పంపనంటే వదిలెయ్యండి.

తర్వాత ముల్లు. మీరు ఎంత బాగున్న రికార్డు తెచ్చినా, ఒక్క సాయంత్రంలో దాన్ని పాడుచేసే శక్తి ముల్లుకుంది. ఎల్.పి. ముల్లు మొన సుమారు 0.7 మిల్, 78 ముల్లు మొన 3 మిల్. ఒక మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఎల్.పి. ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున పొర్లుతూ చెత్తంతా వినిపిస్తుంది. 78 ముల్లుతో ఎల్.పి. వేస్తే గాడి గోడలు చెక్కుకుపోతాయి. మీ తాతగారింట్లో పాత పోర్టబుల్ ప్లేయరు ఉండే ఉంటుంది. దాని తిరగేసే ముల్లుకి ఒక పక్క ఎల్.పి., ఇంకో పక్క 78 ఉంటుంది. దాని మీద రికార్డులు వెంటనే వెయ్యకండి. ఆ నీలమణి (సఫైర్) ముల్లు ఎన్నేళ్ల కిందట అరిగిపోయిందో ఎవరికీ తెలియదు. సూట్‌కేసులా మడిచే కొత్త చవక ప్లేయర్లు కూడా ముల్లుని ఐదు గ్రాముల వరకు ఒత్తుతాయి. రెండు గ్రాముల చుట్టుపక్కల ఒత్తిడి సరిచేసుకునే వీలున్న టర్న్‌టేబుల్, మంచి మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జి (ముల్లు బిగించి ఉండే తల) తీసుకోండి. వజ్రపు ముల్లు 500 నుంచి 1000 గంటలు వస్తుంది. ఖర్చంతా పెట్టాల్సింది ఇక్కడే అని నా నమ్మకం, స్పీకర్లు తర్వాతైనా కొనుక్కోవచ్చు. తాళం తిప్పే గ్రామఫోను మీద వినైల్ రికార్డు అస్సలు పెట్టొద్దు, ఆ ఒక్క తిప్పుతోనే దాని పని అయిపోతుంది.

శుభ్రం చెయ్యడంలో ఒకటే పెద్ద నియమం: లక్క రికార్డుకి ఆల్కహాల్ తగలకూడదు. లక్క ఆల్కహాల్లో కరిగిపోతుంది. వడ్రంగులు పాలిష్ పెట్టేటప్పుడు చేసేది అదే. రికార్డు క్లీనర్ల పేరుతో అమ్మే చాలా సీసాల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది. వినైల్‌కి పరవాలేదు గానీ, అదే సీసాతో 78 తుడిస్తే గాడులు మెత్తబడి చెరిగిపోతాయి. రెండిటికీ డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరు నీళ్ళయితే ఆరాక సున్నం గాడుల్లోనే ఉండిపోతుంది, బిందె అడుగున పేరుకునేది అదే కదా. వినైల్‌కి నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్, ఒక వంతు ఐసోప్రొపైల్, రెండు చుక్కలు వాసన లేని లిక్విడ్ సోపు. మెత్తటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా రుద్ది, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, ప్లేట్ల స్టాండులో నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. 78 అయితే తడిగుడ్డ పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డ. నానబెట్టొద్దు, ఎందుకంటే లక్కలో కలిపిన పొడులు చెమ్మ పీలుస్తాయి. లేబులు ఏ రకానిదైనా తడవకూడదు. వేసే ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్షుతో ఒక చుట్టు తుడవడం అలవాటు చేసుకుంటే, ఈ తడి పని మళ్ళీ మళ్ళీ పడదు.

దాచడంలో మన ఊళ్ళకి ముగ్గురు శత్రువులు: ఎండ, చెమ్మ, చెదలు. అటక మీద పెట్టొద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి స్లాబు కింద వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. వినైల్ ఆ వేడికి మెత్తబడుతుంది, పడుకోబెట్టి ఉంటే పక్కదాని ఆకారం తీసుకుంటుంది. కిటికీ ఎండ పడే గోడ, కారు డిక్కీ కూడా అంతే. ఒక్కసారి వంకరపోయాక రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో సాగదీయొచ్చని కొందరు చెప్తారు. వంకర తగ్గొచ్చు గానీ గాడి ఆకారం చెడుతుంది. నేను చెయ్యను, చెయ్యమనను.

చెమ్మ సంగతి కాకినాడ, విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు. వానాకాలం అయ్యేసరికి అట్టల మీద తెల్లగా బూజు లేస్తుంది, గాడుల్లో చుక్కలు చుక్కలుగా పాకుతుంది. గది ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే రికార్డులకి హాయి. మన ఇళ్ళల్లో ఏడాది పొడవునా అది కుదరదు కాబట్టి, బయటి గోడకి బెత్తెడు ఎడంగా అల్మరా పెట్టి, గాలి ఆడనిచ్చి, వానాకాలంలో సిలికా జెల్ సంచులు మారుస్తూ ఉండాలి. తలుపు మూసిన ఇనప బీరువా కన్నా ఇదే నయం. కలరా ఉండలు వెయ్యను, ఆ ఆవిరి ప్లాస్టిక్ పక్కన ఉండటం నాకు ఇష్టం లేదు. ఎండు వేపాకు పుస్తకాలకి సరే, రికార్డుల్లో అయితే పొడై గాడుల్లోకి దిగుతుంది. చెదలకి అసలు మందు కంటి చూపే: నెలకోసారి అన్నీ తీసి అల్మరా వెనక చూడండి.

రికార్డులు నిటారుగా నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు, పక్కకి వాలకూడదు. వంద ఎల్.పి.లు అట్టలతో సహా ఇరవై కిలోల పైనే తూగుతాయి, పల్చటి ప్లైవుడ్ ఆగదు. దగ్గర దగ్గరగా అడ్డం చెక్కలు వేయించండి. 78లు విడిగా ఒక అరలో, మందపాటి అట్ట కవర్లలో ఉండాలి. పెద్దవాటి మధ్య దూరిస్తే బరువు ఒకవైపు పడి పగులుతాయి.

పాత కవర్లలో ఒక మోసం ఉంది. చాలా ఇళ్ళల్లో జాగ్రత్త కోసమని మందపాటి మెత్తని ప్లాస్టిక్ తొడుగులు వేశారు. అది పీవీసీ అయితే ఏళ్ల తరబడి విడిచే ఆవిరి వినైల్ మీద పాలపొరలా పట్టి, కడిగినా పోదు, వినిపిస్తే సర్రుమంటుంది. మీ పెట్టెలో అలాంటివుంటే ఇవాళే తీసెయ్యండి. లోపలికి పాలిథీన్ లేదా రైస్ పేపర్ తొడుగు, బయటికి పాలీప్రొపిలీన్ కవరు వాడండి. అసలు లోపలి కాగితం పారెయ్యకుండా అట్ట వెనకే ఉంచండి. అట్ట మీద ‘ఫలానావారి పెళ్ళికి’ అని సిరాతో రాసి ఉంటే చెరపొద్దు. ధర కొంచెం తగ్గితే తగ్గనివ్వండి, ఆ రికార్డు ఏ ఇంటిదో చెప్పే ఆధారం అదొక్కటే.

వెయ్యడం తగ్గించుకోవడానికి అరుదైనవాటిని ఒకసారి మంచి ముల్లుతో, కంప్యూటర్లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ డిజిటల్ ఫైలుగా ఎక్కించి పెట్టుకోండి. రోజూ వినడానికి అది, పండగ రోజుకి అసలుది.

కొరియర్లో తెప్పించుకుంటే అమ్మేవాళ్ళతో ముందే చెప్పండి: రికార్డుని అట్టలోంచి తీసి, విడిగా తొడుగులో పెట్టి, అట్ట వెనక ఆనించి కట్టమని. లోపలే ఉంచి పంపితే దారిలో కుదుపులకి అంచు కొట్టుకుని అట్ట కుట్టు చీలిపోతుంది. 78లైతే రెండు వైపులా రికార్డు కన్నా పెద్ద గట్టి అట్టలు వేసి, ఆ కట్టని ఇంకో పెట్టెలో నాలుగు వైపులా మెత్తగా కూరి పంపాలి. పార్సిలు ఎండాకాలంలో వస్తే విప్పగానే ముల్లు కిందకి తోయకండి. ఒక రాత్రి నిటారుగా నిలబెట్టి, గది వేడికి వచ్చాక, తుడిచి వెయ్యండి.