ఇన్సిడెంట్ రిజిస్టర్ ఖాళీ, సర్వేలో అందరూ "బాగుంది" అన్నారు: నమ్మొచ్చా?

నల్లగొండలో మీది వంద పడకల ఆసుపత్రి. రోగుల భద్రత మీద చేసిన సర్వేలో సిబ్బంది దాదాపు అంతా "బాగుంది" అన్నారు, పొరపాట్లు, ప్రమాదాలు రాసే ఇన్సిడెంట్ రిజిస్టర్‌లో ఆరు నెలలుగా ఒక్క ఎంట్రీ లేదు, ఇది మంచిదేనా అని అడిగారు. నేనైతే కంగారు పడతాను. అన్ని పడకలున్న చోట రోజుకు వందల డోసులు నడుస్తాయి. ఒక్కటీ తారుమారు కాలేదంటే నమ్మలేం. ఎవరూ రాయడం లేదు.

ముందు సర్వే ఫారాలు మళ్లీ తీయండి. మీరు వాడింది అమెరికా ప్రభుత్వ సంస్థ ఏహెచ్‌ఆర్‌క్యూ ప్రశ్నావళి (2004లో వచ్చింది, 2019లో మార్చారు) అయితే, అందులో కొన్ని ప్రశ్నలు తిరగేసి ఉంటాయి. "తప్పు జరిగితే దాన్ని మనిషి మీదికి తోస్తారు" లాంటి వాటికి "ఒప్పుకోను" అంటేనే మంచి మార్కు. అన్నిటికీ ఒకే గడిలో టిక్కు కొట్టిన ఫారం చదవకుండా నింపిందే, పక్కన పెట్టండి. ఫారాలు నర్సింగ్ సూపరింటెండెంట్ చేతికే ఇచ్చారా? అలా ఇస్తే భయపడి నిజం రాయరు. వార్డు, హోదా, సర్వీసు మూడూ అడిగితే ఐసీయూలో రాసిందెవరో ఇట్టే తెలిసిపోతుంది. పది మందికన్నా తక్కువ జవాబులొచ్చిన వార్డు ఫలితం విడిగా వేయొద్దు. ఆయాలకు, వార్డు బాయ్‌లకు తెలుగు ఫారమే ఇవ్వాలి.

ఇక భయం. అవుట్‌సోర్సింగ్ సిస్టర్‌కు మెమో అంటే ఉద్యోగం పోయినట్టే. ఏదైనా జరగ్గానే పైనుంచి వచ్చే మొదటి మాట "ఎవరు చేసిండ్రు?" అయితే, పక్కనున్న సీనియర్ "ఎందుకు లొల్లి, రాయకు" అంటుంది. ఆ మొదటి మాట "పేషెంట్ ఎట్లున్నడు, ఏమైంది?" అని మారాలి. తాగి డ్యూటీకి రావడం, కేస్ షీట్ దిద్దడం వంటి వాటికి చర్య తప్పదు. మిగతావాటిలో మెమోతో ఏమీ మారదు.

ఇన్సులిన్ చూడండి. మన దగ్గర వయల్ (మందు సీసా) ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది, పెన్ కార్ట్రిడ్జ్ 100ది. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. 40 వయల్ నుంచి 100 సిరంజితో 10 గీత దాకా తీస్తే అందేది 4 యూనిట్లే. 100 మందును 40 సిరంజితో 10 గీత దాకా తీస్తే 25 యూనిట్లు పడతాయి, షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. రెండు సిరంజిలూ ఒకే ట్రేలో ఉన్నన్నాళ్లు ఈ రాత్రి ఒక సిస్టర్, రేపు ఇంకో సిస్టర్ ఇదే తప్పు చేస్తారు. వార్డుకు ఒకే రకం సిరంజిలకు స్టోర్‌లో ఇండెంట్ (కావాలని రాసిచ్చే చీటీ) పెట్టించడమే దీనికి మందు. కానీ "తప్పు సిరంజి తీశాను, చూసి ఆపేశాను" అని ఎవరో ఒకరు రాస్తేనే అది స్టోర్ దాకా వెళ్తుంది.

పురుగుమందు తాగిన కేసుల్లోనూ అంతే. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఆంపుళ్లు (చిన్న గాజు సీసాలు) పదులకొద్దీ పగలగొడతారు. డ్యూటీ మారేటప్పుడు ఎన్ని ఇచ్చారో నోటిమాటగా చెప్తే లెక్క తప్పుతుంది. హ్యాండోవర్ పడక దగ్గరే, కేస్ షీట్ చూస్తూ, ఇచ్చిన డోసు, నాడి, కనుపాప సైజు రాసి జరగాలి.

అరపేజీ తెలుగు ఫారం చాలు: ఏమైంది, ఎక్కడ, ఎప్పుడు, పేషెంట్‌కు ఏమైంది, ఎలా ఆపొచ్చు. రాసేవాళ్ల పేరు వద్దు. తాళం వేసిన పెట్టెలో వేయించి, రోజూ ఒకే మనిషి తీయాలి. వారంలోపు జవాబు వార్డు బోర్డు మీద కనబడాలి, లేకపోతే రెండో ఫారం రాదు. మొదటి నెల ఒక్కటే పని పెట్టుకోండి: పొటాషియం క్లోరైడ్ ఆంపుళ్లను మామూలు వార్డుల ట్రేల నుంచి తీసేసి తాళంలో పెట్టించండి. డిస్టిల్డ్ వాటర్ అనుకుని దాన్ని నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది.

ఫారాలు రావడం మొదలయ్యాక రిజిస్టర్ నిండుతుంది. తప్పులు పెరిగాయని మేనేజ్‌మెంట్ అనుకుంటుంది కాబట్టి మొదలుపెట్టకముందే వాళ్లకు చెప్పి పెట్టండి. ఏడాది తర్వాత అదే ఫారంతో మళ్లీ సర్వే చేసి, నింద గురించిన ప్రశ్నల మార్కునే ముందు పోల్చండి.