టైరు మీద డెకాల్ నిలవాలంటే రేడియం షాపాయన పని చూడండి

1/20 స్కేల్ ఫార్ములా వన్ బొమ్మ కారు (మోడల్) టైర్లకు అంటించే డెకాల్స్, అంటే పేర్ల స్టిక్కర్ల, అంచులు లేస్తున్నాయి, అక్షరాలు వంకర పోతున్నాయి, ఏ గమ్ము వాడాలి అని అడిగారు. గమ్ము మార్చి లాభం లేదు. తప్పంతా టైరు మీది జిడ్డుది. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి పూసిన నూనె చాలా టైర్ల మీద అలాగే ఉండిపోతుంది. దాని మీద ఎంత మంచి డెకాల్ వేసినా లేస్తుంది.

నాకు ఈ పని నేర్పింది వీడియోలు కాదు, తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర రేడియం షాపు నడిపే ఒకాయన. బండ్లకు నామాలు, గోవిందా స్టిక్కర్లు వేస్తుంటాడు. నా బైకు రిమ్ములకు రేడియం పట్టీ వేయించుకుందామని వెళ్లాను. ఆయన ముందు రిమ్మును సబ్బు నీళ్లతో కడిగాడు, పొడిగుడ్డతో తుడిచాడు, మళ్లీ స్పిరిట్‌తో రుద్దాడు. ఇంత చిన్న పట్టీకి ఇంత కడగాలా అన్నా అంటే, "జిడ్డు మీద దేవుడి బొమ్మ కూడా నిలవదు సామీ" అన్నాడు. మంచి ఎండాకాలం, అయినా ఫ్యాను ఆపేశాడు. పట్టీ తిన్నగా లేదు, రిమ్ము వంపుకు సరిగ్గా సరిపోయేలా ముక్కలుగా కోసి ఉంది. తిన్నని పట్టీని వంచితే లోపలి అంచు ముడత పడుతుందట. ముక్క నడిమి భాగాన్ని ముందు ఆనించి, బొటనవేలితో రెండు పక్కలకూ తోసుకుంటూ పోయాడు. ఎక్కడా బుడగ లేదు.

మోడల్ టైరుకూ ఇదే పని. గిన్నెలు తోమే లిక్విడ్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, అందులోని అసిటోన్ ప్లాస్టిక్ చక్రాన్ని కరిగించేస్తుంది. టైరును చక్రానికి ఎక్కించాకే డెకాల్ వేయండి. ముందే వేస్తే ఎక్కించేటప్పుడు రబ్బరు సాగి అక్షరాలు పగులుతాయి.

వంకర పోకుండా ఉండాలంటే కాగితం మీద కంపాస్‌తో టైరంత వృత్తం గీసి, మధ్యగా ఒక గీత కొట్టండి. టైరును దాని మీద పెడితే ఎదురెదురుగా వచ్చే రెండు కంపెనీ పేర్లూ ఆ గీతకు సరిపోతాయి. అక్షరాల చుట్టూ మిగిలిన పొరను దగ్గరగా కోసేయండి, దుమ్ము పట్టేది అక్కడే. బోర్లా అంటించి వెనక కాగితాన్ని తడిపి తీసే రకమైతే, కాగితాన్ని పైకి లాగకండి, పక్కకు జరపండి. తర్వాత తడి ఇయర్‌బడ్‌తో నడిమి నుంచి అంచులకు నొక్కండి. డెకాల్ సాఫ్ట్‌నర్, అంటే డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం, కొనమని చెప్పేవాళ్లున్నారు. అది నీళ్లలో జార్చి వేసే డెకాల్స్ కోసం. ఇలా బోర్లా అంటించే గమ్ము డెకాల్‌కు దానితో పని లేదు, డబ్బు దండగ.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి ఉంది. ఇంత కష్టపడి వేసి, టైరు మీది పేర్ల రంగులు కలిపేస్తారు. ముందు ఎరుపు, వెనక పసుపు! 2011 నుంచి ఫార్ములా వన్‌కు టైర్లు ఇచ్చేది పిరెల్లీ ఒక్కటే. 2019 నుంచి ఏ రేసులోనైనా గట్టి టైరు తెలుపు, మధ్యరకం పసుపు, మెత్తటిది ఎరుపు, వాన టైర్లు పచ్చ, నీలం. నాలుగు చక్రాలకూ ఒకే రకం ఉండాలి. 2005లో నారాయణ్ కార్తికేయన్ నడిపిన జోర్డాన్ లాంటి కారైతే బ్రిడ్జ్‌స్టోన్ పేరు రావాలి. ఆ ఏడాది రేసు ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని చేయండి.

చివర్లో మెరుపు తగ్గించాలంటే అక్రిలిక్ మ్యాట్ వార్నిష్ పలచగా కొట్టండి. ఎనామెల్ జోలికి పోకండి, మెత్తటి వినైల్ టైరు మీద అది సరిగ్గా ఆరదు, వేలికి అంటుకుంటూనే ఉంటుంది.