“టైమింగ్ తిప్పితే చాలు” అంటున్న అంబాసడర్ కొనొచ్చా?

విజయనగరంలో చూసిన 1489 సీసీ పెట్రోల్ అంబాసడర్ స్టార్టింగ్‌లో ఎదురు తంతోంది, ఎత్తెక్కేటప్పుడు కటకటమంటోంది, అమ్మేవారేమో “టైమింగ్ కొంచెం తిప్పితే చాలు” అంటున్నారని అడిగారు కదా. రెండూ స్పార్కు ముందుగా పడుతోందనడానికి గుర్తులే. ముందు తేల్చుకోవాల్సింది, టైమింగ్ (స్పార్కు పడే సమయం) అంత ముందుకు ఎందుకు పెట్టారన్నది.

ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్‌ని (ప్లగ్గులకు వరుసగా స్పార్కు పంచే భాగం) తిప్పేది వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టే. ఆ క్యామ్‌షాఫ్ట్‌ని ఇంజన్ తిప్పేది టైమింగ్ చైన్‌తో. ఆ చైన్ సాగితే వాల్వులు, స్పార్కు రెండూ వెనకబడతాయి. మేస్త్రి డిస్ట్రిబ్యూటర్ తిప్పి స్పార్కు సరిచేస్తాడు, వాల్వులు మాత్రం ఆలస్యంగానే తెరుచుకుంటాయి. ఆ మందకొడితనం పోవాలని ఇంకాస్త ముందుకు తిప్పుతారు, అప్పుడు నాకింగ్ (ఆ కటకట చప్పుడు) మొదలవుతుంది. ఎల్పీజీ కిట్ తీసేసిన బండైతే గ్యాసుకని పెట్టిన అడ్వాన్సు (స్పార్కు ముందుకు జరపడం) అలాగే ఉండిపోయి ఉండొచ్చు. అది తిప్పితే పోయేదే.

చైన్ ఇలా చూడండి. ఇగ్నిషన్ తాళంచెవి తీసేసి, ప్లగ్గులు నాలుగూ విప్పి, డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. టాప్ గేర్లో వేసి బండిని కాస్త ముందుకు తోసి ఆపండి. ఇప్పుడు మెల్లగా వెనక్కి తోయిస్తూ ఆ మూత కింద తిరిగే రోటార్ మీదే కన్నుంచండి. ఇంజన్ ముందున్న క్రాంక్ పుల్లీ ఎంత తిరిగాక రోటార్ కదిలిందో అదే లూజు. టైమింగ్ కవరు ముళ్లలో పొడవైనది టీడీసీ (పిస్టన్ పైకొసకు చేరే చోటు), మిగతావి 5, 10 డిగ్రీలు, కొలతకు అవి చాలు. రెండు మూడు డిగ్రీలైతే పట్టించుకోను. పది దాటితే చైన్, స్ప్రాకెట్ల (పళ్లచక్రాల) ఖర్చు ధరలోంచి తగ్గించాల్సిందే.

ఆ లూజులో డిస్ట్రిబ్యూటర్ గేరుదీ కొంత ఉంటుంది కాబట్టి రాకర్ కవర్ (ఇంజన్ పైన వాల్వుల మీది మూత) కూడా తీయించండి. రేడియేటర్ వైపున్న 1వ సిలిండర్ కంప్రెషన్ టీడీసీలో ఉంటే, 4వ దాని ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్లెట్ తెరుచుకుంటూ ఉండాలి. పుల్లీ గాటు ముల్లు బాగా దాటాక గానీ అలా జరగలేదంటే చైన్ పన్ను తప్పించి బిగించారు.

మూత తీసే ఉంది కదా, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని పక్కకు ఊపండి. ఊగితే పాయింట్ల (లోపల తెరుచుకుని మూసుకునే కాంటాక్టుల) గ్యాప్ (0.35–0.40 మి.మీ.) ఎంత సరిచేసినా నిలవదు. రోటార్ తిరిగే వైపు కొద్దిగా మెలిపెట్టి వదిలితే వెనక్కి రావాలి. వ్యాక్యూమ్ పైపు నోటితో పీలిస్తే లోపలి ప్లేటు కదలాలి. కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో నిలిచిన బండైతే మూత లోపల పచ్చని చిలుము ఖాయం.

చివరగా, డిస్ట్రిబ్యూటర్ ఉన్న చోట సుద్దగీత పెట్టి, రోటార్ తిరిగే వైపుకే కొంచెం తిప్పించండి. స్పార్కు ఆలస్యమవుతుంది. సాలూరు ఘాట్ దాకా అక్కర్లేదు, ఫ్లైఓవర్ మీద మూడో గేర్లో, ఇంజన్ వేడెక్కాక లాగించండి. చప్పుడు పోయి లాగుడు అలాగే ఉంటే అమ్మేవారి మాట నిజమే. చప్పుడుతో పాటు లాగుడూ చచ్చిపోతే, చైన్ బాగున్నా సరే, కంప్రెషన్ గేజ్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది) పెట్టకుండా బయానా ఇవ్వకండి.