ఏది స్కాన్ చేసినా వర్చువల్‌బాక్సే!

ప్రశ్న: సార్, మాది తిరుపతి, ఎంసీఏ చదువుతున్నా. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి కాలీ లినక్స్ (సెక్యూరిటీ పరీక్షలకు వాడే ఓఎస్) వేసుకున్నా. మేడం పర్మిషన్ తీసుకుని ల్యాబ్ సిస్టమ్స్‌ని ఎన్‌మ్యాప్‌తో (నెట్‌వర్క్‌లోని సిస్టమ్స్‌ని పరిశీలించే టూల్) స్కాన్ చేస్తే విండోస్ సిస్టమ్‌నీ 'ఒరాకిల్ వర్చువల్‌బాక్స్' అంటోంది, ఉబుంటూనీ అదే అంటోంది. ల్యాబ్‌లో అసలు వర్చువల్ మెషీన్లే లేవు. తప్పు నాదా, ఎన్‌మ్యాప్‌దా?

జవాబు: ఇద్దరిదీ కాదు, మధ్యలో కూర్చున్న నాట్‌ది (NAT, అంటే లోపలి మెషీన్ ట్రాఫిక్‌ని మీ ల్యాప్‌టాప్ పేరు మీద బయటికి పంపే ఏర్పాటు). ఎన్‌మ్యాప్ అవతలి సిస్టమ్‌ని 'నువ్వు విండోసా, లినక్సా' అని అడగదు. రకరకాల ప్యాకెట్లు పంపి, తిరిగొచ్చిన వాటిలో టీసీపీ (కంప్యూటర్లు కనెక్షన్ పెట్టుకుని మాట్లాడుకునే పద్ధతి) విండో సైజు, అంటే ఒకేసారి తీసుకోగల డేటా ఎంత, ఆప్షన్లు ఏ వరుసలో ఉన్నాయి, టీటీఎల్, అంటే ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె ఎంత (లినక్స్ మామూలుగా 64తో మొదలుపెడుతుంది, విండోస్ 128తో) ఇవన్నీ తన డేటాబేస్‌తో పోల్చి చూస్తుంది. చేతిరాతను బట్టి మనిషిని పట్టుకోవడమే అనుకోండి.

కాలీలో ఐపీ 10.0.2.15 అని ఉందేమో చూడండి. ఉంటే మీరు నాట్ మోడ్‌లో ఉన్నట్టే, వర్చువల్‌బాక్స్ మామూలుగా ఇచ్చేదీ అదే. ఇందులో కాలీ పంపిన ప్యాకెట్ అలిపిరి కూడా దాటదు! వర్చువల్‌బాక్స్‌లోని నాట్ ఇంజన్ దాన్ని అక్కడే ఆపి, మీ విండోస్ ద్వారా వేరే కనెక్షన్ పెట్టుకుని, వచ్చిన జవాబును తన సొంత ప్యాకెట్లలో తిరగరాసి కాలీకి ఇస్తుంది. అందరి ఉత్తరాలూ ఒకే గుమాస్తా తిరగరాస్తుంటే మీకు కనిపించే చేతిరాత గుమాస్తాదే కదా.

నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ పెట్టండి, కాలీ నేరుగా ల్యాబ్ నెట్‌వర్క్‌లోకి వస్తుంది. వైఫై కంటే కేబుల్ మేలు, ఎందుకంటే వైఫై మీద బ్రిడ్జ్ చేస్తే వర్చువల్‌బాక్స్ కాలీ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) తీసేసి మీ ల్యాప్‌టాప్‌ది పెడుతుంది.

మీ మెషీన్‌నే ఎవరైనా స్కాన్ చేస్తే ఇంకా తమాషా. మీ వర్చువల్‌బాక్స్‌లో నాట్ మీద నడిచే ఉబుంటూకి ల్యాప్‌టాప్ 2222 పోర్టు (సర్వీస్‌కి దారి నంబర్) నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే సర్వీస్) ఫార్వర్డ్ చేశారనుకోండి, బ్యానర్ (సర్వీస్ తన గురించి చెప్పుకునే మొదటి లైన్) ఉబుంటూ అంటుంది, ఓఎస్ డిటెక్షన్ మాత్రం విండోస్ అంటుంది, బయటివాళ్లతో టీసీపీ మాట్లాడేది విండోసే కాబట్టి. కేబుల్ మీద బ్రిడ్జ్ చేస్తే లినక్స్ అనే తేలుతుంది గానీ, అదే ల్యాన్‌లో ఉన్నవాళ్లకి 08:00:27తో మొదలయ్యే మ్యాక్ చూడగానే వర్చువల్‌బాక్స్ అని తెలిసిపోతుంది.

బ్రిడ్జ్ పెట్టాక కూడా విండోస్ సిస్టమ్స్ సరిగ్గా తేలకపోతే టెన్షన్ పడకండి, ఫైర్‌వాల్ ప్యాకెట్లని మింగేస్తుండొచ్చు. ఎన్‌మ్యాప్‌కి కనీసం ఒక ఓపెన్ పోర్టు, ఒక క్లోజ్డ్ పోర్టు దొరికితేనే లెక్క బాగా కుదురుతుంది.