టెక్ సందేహాలు: హైబ్రిడ్ అని రాసున్నవన్నీ ఒకటేనా?

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసు, ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరుగుతాను. మారుతి గ్రాండ్ విటారా కారు గానీ టయోటా హైరైడర్ గానీ తీసుకుందామని వెళ్తే మైల్డ్ హైబ్రిడ్, స్ట్రాంగ్ హైబ్రిడ్ అని రెండు రకాలు చూపించారు, ఆన్‌రోడ్‌కి వచ్చేసరికి స్ట్రాంగ్‌కి మూడు లక్షలు ఎక్కువ. ఏది కొనాలి? ఛార్జింగ్ పెట్టాలా?

జవాబు: మీకైతే స్ట్రాంగే అండి. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటరు, దానికో బ్యాటరీ ఉన్న బండి. మైల్డ్‌లో చిన్న మోటరు ఇంజన్‌కి కాస్త సాయం పడుతుందంతే, ఒంటరిగా బండిని కదిలించలేదు. స్ట్రాంగ్‌లో మాత్రం మెల్లగా వెళ్లేటప్పుడు ఇంజన్ ఆగిపోయి మోటరే లాగుతుంది, బ్రేక్ వేసినప్పుడల్లా కరెంటు వెనక్కి వస్తుంది, ఛార్జర్ అక్కర్లేదు, అసలు ప్లగ్గే ఉండదు. ఏసీ కూడా కరెంటు మీదే నడుస్తుంది కాబట్టి మే నెలలో జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినా లోపల చల్లగానే ఉంటుంది, నాకు ఈ బళ్లలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

స్ట్రాంగ్‌కి కంపెనీ చెప్పే లీటరుకి 27.97 కిలోమీటర్ల మైలేజీ టెస్టులో వచ్చింది, దాన్ని పట్టుకుని లెక్కలు వేయొద్దు. సిటీ ట్రాఫిక్‌లో మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ 12 ఇస్తే ఇది 20 ఇచ్చిందనుకోండి, మీ తిరుగుడికి ఏడాదికి 500 లీటర్లు మిగులుతుంది, లీటరు 107 చొప్పున చూసినా 53 వేల పైమాటే, అంటే ఐదున్నర ఏళ్లలో ఆ మూడు లక్షలు తిరిగొచ్చేస్తాయి. బండి అంతకాలం ఉంచుకునేవాళ్లే కొనాలి. బ్యాటరీ గురించి మరీ భయపడకండి, అది 0.76 యూనిట్ల చిన్నది, టయోటా దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది, ఆ కాగితం మాత్రం చేతికి తీసుకుని చదవండి.

ఇంకోటి, ఆ బ్యాటరీ డిక్కీ కింద ఉంటుంది, అందుకని సామాను చోటు బాగా తగ్గుతుంది. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసులు రెండు పట్టుకెళ్లి పెట్టి చూడండి, మొహమాటపడకండి, డబ్బులు మీవి. వెనక సీట్లో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కి చూడండి, మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి మోత వినిపిస్తుంది, అది మీకు ఓకేనా కాదా అన్నది అక్కడే తేల్చుకోవాలి.

ప్రశ్న: మాది ఖమ్మం. నెలకి 400 కిలోమీటర్లు, అదీ ఎక్కువ హైవే. మిగతా రోజులు బండి ఇంట్లోనే. నేనూ స్ట్రాంగ్ తీసుకోనా?

జవాబు: వద్దండి. హైవే మీద వంద స్పీడులో ఎక్కువసేపు ఇంజనే పనిచేస్తుంది, బ్రేక్ పడేదీ తక్కువే, కాబట్టి మైలేజీ తేడా తగ్గిపోతుంది, మీ తిరుగుడికి పెట్టిన డబ్బు రావడం కష్టం. పైగా వారాల తరబడి కదపకుండా ఉంచితే, హైబ్రిడ్ బ్యాటరీ కాక విడిగా ఉండే మామూలు 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది, అది దిగితే హైబ్రిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నా బండి స్టార్టవదు. మాన్యువల్ మైల్డ్ చాలు, మిగిలిన డబ్బుతో లోన్ తగ్గించుకోండి.