మీరు అడిగారు: విక్రమ్ ఎలా దిగింది?

ప్రశ్న: చంద్రయాన్-2 కూలింది, చంద్రయాన్-3 దిగింది. రెండింటి ల్యాండర్ పేరూ విక్రమే. రెండోసారి అదృష్టం కలిసొచ్చిందంతే అంటారు మా బావగారు. ఆయనకు ఏమని చెప్పాలి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: బావగారి నోరు మూయించడానికి సరిపడా సరుకు ఇస్తాను. 2019 సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటాక, మొదటి విక్రమ్ దిగుతుండగా దాని ఐదు ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపుడు ఇచ్చాయి. వేగం తగ్గించే ఇంజన్లకు బలం ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ దశలో కెమెరాలు నేలను ఫొటోలు తీయాలి కాబట్టి ల్యాండర్ నిలకడగా ఉండాలి. అందువల్ల దారి తప్పుతున్నా వెంటనే దిద్దుకోలేదు, తేడాలు పేరుకుపోయాయి. తీరా దిద్దుకోబోయేసరికి చాలా వేగంగా తిరగాల్సి వచ్చింది. అంత వేగంగా తిరగనివ్వకుండా సాఫ్ట్‌వేర్‌లోనే హద్దు ఉంది. పైగా దిగాల్సిన చోటు పొడవూ వెడల్పూ 500 మీటర్లే. నేల దగ్గరపడుతున్నా అక్కడికే చేరాలన్న పట్టుదలతో అది వేగం పెంచుకుంది. ఫలితం మనం చూశాం.

ఈసారి ఇస్రోవాళ్లు ఏవేవి చెడిపోవచ్చో ముందే రాసుకుని, అవి చెడినా దిగగలిగేలా ల్యాండర్‌ను తయారు చేశారు. నడిమి ఇంజన్ తీసేసి నాలుగే ఉంచారు. ఇంధనం పెంచారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో నేలను తాకినా తట్టుకునేలా కాళ్లను గట్టిపరిచారు. నేలతో పోలిస్తే తన వేగం ఎంతో లేజర్‌తో నేరుగా కొలుచుకునే పరికరం ఒకటి కొత్తగా చేర్చారు. దిగే చోటు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెరిగింది. సెన్సర్లను హెలికాప్టర్‌కు కట్టి పరీక్షించారు, ఇంజన్లు మండించి క్రేన్‌కు వేలాడదీసి పరీక్షించారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ దిగింది. ఇంత చాకిరీని అదృష్టం ఖాతాలో రాయడం అన్యాయమని నా మాటగా చెప్పండి. అంతకు నాలుగు రోజుల ముందు, చంద్రుడి మీద దిగడానికే వెళ్లిన రష్యావారి లూనా-25 కూలింది. అదీ దురదృష్టం కాదు: 84 సెకన్లు మండాల్సిన ఇంజన్ 127 సెకన్లు మండింది.

ప్రశ్న: దిగేటప్పుడు బెంగళూరులో కూర్చున్నవాళ్లు ఏ మీటలు నొక్కారు? (ఒక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: చివరి 19 నిమిషాల్లో చూస్తూ కూర్చోవడం తప్ప వాళ్లకు పనేమీ లేదు. అప్పటి వారి ముఖాలు గుర్తు తెచ్చుకోండి! చంద్రుడికీ మనకూ మధ్య రేడియో సంకేతానికి ఒకవైపే దాదాపు 1.3 సెకన్లు పడుతుంది. దిగడం మొదలైనప్పుడు విక్రమ్ సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. మనం చూసి, ఆలోచించి, ఆజ్ఞ పంపేలోగా అది ఎన్ని కిలోమీటర్లు దాటిపోతుందో లెక్కవేయండి. అందుకే నిర్ణయాలన్నీ దానివే. గాలి లేదు కనుక పారాచూట్ కూడా పనికిరాదు.

ప్రశ్న: చంద్రుడి మీదికి మనుషులను తీసుకెళ్లిన అమెరికా అపోలోకు నాలుగు రోజులు, మనకు 40 రోజులా? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: ఈ ప్రశ్న లేని నెల లేదు. వారి రాకెట్ రాక్షసి, నేరుగా విసిరేసింది. మనవాళ్లు చిన్న రాకెట్‌తో పంపి, భూమి చుట్టూ తిప్పుతూ కక్ష్యను విడతలవారీగా పెంచుకుంటూ పోయారు. మనుషులు లేనప్పుడు తొందరేముంది?

ప్రశ్న: విక్రమ్ దిగింది దక్షిణ ధ్రువం మీదేనా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కాదు. టీవీ చానళ్లు ఉత్సాహం ఆపుకోలేకపోయాయి. దిగిన చోటు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది, ధ్రువం అక్కడికి 600 కిలోమీటర్లకు పైనే. అయినా అంతకుముందు ఎవరూ ధ్రువానికి అంత చేరువలో మెత్తగా దిగలేదు. ఉన్న ఘనత చాలదా?

ప్రశ్న: అది ఇంకా పనిచేస్తోందా? (అదే పాఠకుడు)

జవాబు: లేదు. మన లెక్కలో 14 రోజుల పాటు సాగే ఒక చంద్ర పగటికే దాన్ని తయారు చేశారు. ఆ రాత్రి చలి తర్వాత సెప్టెంబరు 22న పలకరించినా జవాబు రాలేదు. కాకపోతే దానిపై నాసా అమర్చిన చిన్న అద్దాల పరికరానికి కరెంటు అక్కర్లేదు. ఆ డిసెంబరులో నాసా ఉపగ్రహం పైనుంచి లేజర్ కొడితే ఆ వెలుగును తిప్పి పంపింది.