వార్డెన్ మాటతో ఆగిపోకండి

బెంగళూరు హాస్టల్లో సీనియర్లు మీ తమ్ముడిని రాత్రుళ్లు గదికి పిలిపించి కొడుతున్నారని, వార్డెనేమో "మీలో మీరే తేల్చుకోండి" అన్నాడని రాశారు. ఇది కుర్రాళ్ల గొడవ కాదండీ, ర్యాగింగ్. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం, నేరం జరిగినట్టు కనిపిస్తే సమాచారం అందిన 24 గంటల్లో ఎఫ్‌ఐఆర్ పెట్టించాల్సిన బాధ్యత కాలేజీ ప్రిన్సిపాల్‌దే.

అందుకే నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. ఈ రాత్రే ప్రిన్సిపాల్‌కి, యాంటీ ర్యాగింగ్ కమిటీకి మెయిల్ పెట్టండి. "వేధిస్తున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ గదిలో, ఎవరెవరు, పక్కన ఎవరున్నారు, అన్నీ రాయండి. దెబ్బల ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు జతచేయండి. వెంటనే గది మార్చమని అందులోనే అడగండి. 1800-180-5522 యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయండి. మళ్లీ చెయ్యి చేసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు, నేరుగా 112.

పిల్లాడు తినడం లేదు, నిద్రపోవడం లేదన్నారు చూడండి, నాకు అసలు టెన్షన్ అక్కడే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కేసంటే నాన్నగారు భయపడుతున్నారు కదా, ఆయనకు తర్వాత నచ్చజెప్పుకోవచ్చు. ముందు మీలో ఒకరు రేపు రాత్రి బస్సుకే బయల్దేరి వాడి దగ్గరికి వెళ్లండి.